గులాబీ కంటికి ఒక చాకు

మా కొండాపూర్ సందులో నా గురించి ఒక కథ నడుస్తోంది. ఆ కథలో నేను కత్తి పెట్టుకుని తిరుగుతాను, జేసీబీని ఆపేశాను, దాని డ్రైవరు నాకు దండం పెట్టాడు. ఇస్త్రీ బండి దగ్గర మొదలైన కథ పాల ప్యాకెట్ల కొట్టు చేరేసరికి కత్తి మూరెడు పెరిగింది. ఇంకొన్నాళ్లు ఆగితే తల్వారు అవుతుంది. అందుకే అది అరచేతిలో ఇమిడే చాకుగా ఉండగానే కాగితం మీద పెట్టేస్తున్నాను. పైగా మా శాఖా గ్రంథాలయంలో రాజుల ఖడ్గాల మీద లావుపాటి పుస్తకాలున్నాయి కానీ, రోజూ వెంట ఉంచుకునే చిన్న చాకును ఎలా ఎంచుకోవాలో చెప్పే పుస్తకం ఒక్కటీ లేదు. అట్టలూడిన పుస్తకాల బీరువా దాకా వెతికి మరీ చెబుతున్నాను.

నా చదువు ఇంటర్‌తో ఆగింది. మిగతా చదువంతా ఆ గ్రంథాలయంలోనే, ఆదివారాలు, ఫ్యాను కింద కుర్చీ దొరికితే కుర్చీలో, లేకపోతే కిటికీ గట్టు మీద. మిగతా రోజులు హైటెక్ సిటీలో ఒక కంపెనీ రిసెప్షన్‌లో కూర్చుంటాను. ఉండేది మా పిన్ని ఇంట్లో.

పక్కింట్లో సిస్టరమ్మ ఉండేది. దవాఖానాలో నర్సుగా చేసి రిటైరైన పెద్దావిడ కాబట్టి సందంతా అలాగే పిలుస్తుంది. ఆ పాత ఇంటిని ఓనరు అపార్ట్‌మెంట్ కట్టేవాళ్లకు ఇచ్చేశాడు. సిస్టరమ్మ పుప్పాలగూడలో కూతురి ఫ్లాట్‌కి మారిపోతోంది. సామాను గురించి ఆమెకు బెంగ లేదు. బెంగంతా గేటు పక్క గులాబీ మీదే. లేత రంగు, చిన్న పువ్వు. పూలకొట్లో దొరికేవాటికి ఆ వాసన రాదు. పెళ్లైన కొత్తలో ఆ ఇంట్లో అద్దెకు దిగినప్పుడు ఆమె భర్త సైకిల్ మీద తెచ్చి నాటిన మొక్క అది. ఆయన ఇప్పుడు లేడు. వేరు గోడ పునాదిలోకి దిగిపోయింది, తవ్వితే బతకదు. కొమ్మలు కుండీల్లో గుచ్చి చూసింది. అన్నీ నల్లబడిపోయాయి. ఇల్లు పడగొట్టేది దసరా మర్నాడు.

"పోనీ తియ్యే బిడ్డా. ఆయననే వొయిండు, ఇగ చెట్టుదేముంది," అని మొహం అటు తిప్పుకుంది.

"పోనివ్వను. నేను చదివాను!" అన్నాను.

నిజంగానే చదివాను, గ్రంథాలయంలో దొరికిన అంటు కట్టే పుస్తకంలో. గులాబీ కొమ్మ మీద ఆకు మొదట్లో చిన్న కన్ను ఉంటుంది. దాన్ని పల్చటి బెరడుతో సహా లేపి, వేరే అడవి గులాబీ కొమ్మ బెరడు చీల్చి లోపల దూర్చి కట్టేస్తే, ఆ కన్ను అక్కడ కొత్త మొక్కగా లేస్తుంది. కన్ను అంటు అంటారు. చెట్టు మీంచి లేపిన వెంటనే దూర్చాలి, వాడితే పట్టదు. దానికి కావాల్సినవి ఓపిక, ప్లాస్టిక్ పట్టీ, చాకు. మొదటి రెండూ ఇంట్లో ఉన్నాయి.

వంటింటి చాకుతో ప్రయత్నిస్తే కన్ను నలిగి పచ్చడైంది. పేపర్ కట్టర్ బ్లేడు వంగి, కొమ్మని వదిలి నా గోరు చెక్కింది. ఎంఎంటీఎస్ స్టేషన్ బయట మడతచాకు కొన్నాను. దాని కీలు దగ్గర వదులు. నేనొక వైపు నొక్కితే అదొక వైపు చూస్తుంది. అప్పుడు అర్థమైంది: మడత ఉండకూడదు, ఇనుము పిడి చివరిదాకా ఒకే ముక్కగా ఉండాలి, ఒక వైపు మాత్రమే సాన పట్టాలి. ఇంకో మాట కూడా చదివాను. చాకు చేతికి అలవాటు కావాలంటే రోజూ వెంట ఉండాలి. ఈ చివరి మాట చదివినప్పుడు నాకెంత ఆనందమేసిందో చెప్పలేను. పుస్తకమే అనుమతి ఇచ్చేసింది!

లింగంపల్లిలో రోడ్డు పక్క కొలిమి పెట్టుకున్న దంపతుల దగ్గరికి వెళ్లాను.

"ఏం గావాలె బిడ్డా? కొడవలా, గొడ్డలా, మటన్ కత్తా?" అంది ఆమె, సుత్తి ఆపకుండానే.

"చిన్న చాకు కావాలక్కా. అరచేతిలో ఇమడాలి. రోజూ వెంట ఉంచుకుంటాను."

సుత్తి ఆగింది. "ఎవడన్న ఎంబడి వడ్తుండా? ఫికర్ జెయ్యకు, జెప్పు. మా ఆయనను దోలుత."

కొలిమి ఊదుతున్న ఆయన తలెత్తాడు. "నన్నెందుకే, నువ్వే పో. నిన్ను జూస్తె వాడు బెజవాడ దాంక ఉరుకుతడు."

"ఎవడూ లేడన్నా. గులాబీ కోసం."

"గులాబికి చాకేందే! చేత్తోని తెంపుకుంటరు గద?" అని ఆమె నవ్వితే, పక్కన టీ తాగుతున్న ఆటోవాళ్లూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వుతూనే గోనెపట్టా మీద పరిచిన వాటి ముందు చతికిలబడ్డాను.

ఒకటి అద్దంలా మెరిసింది, కానీ పిడి ప్లాస్టిక్. ఒకటి పిడి బాగుంది, అంచు మందం. మూడోది నల్లగా, మొరటుగా, సుత్తి దెబ్బల గుంటలతో ఉంది. పాత లారీ కమాను పట్టీతో చేసిందట. అంచు పొడవు చిటికెన వేలంత. తుమ్మ కర్ర పిడి. ఇనుము పిడిలోంచి అవతలకి వచ్చి చివర మడతపడింది. గోటితో మీటితే ఖంగుమంది. నా చేతిలోకి అది ఎంత చక్కగా ఒదిగిందంటే, కాసేపు కింద పెట్టడం మర్చిపోయాను.

"ఇదే అక్కా. కానీ ఒక్క వైపే సాన పట్టాలి. రెండో వైపు పలకలాగా చదునుగా ఉండాలి."

"సగం పని జేసి మొత్తం పైసల్ గుంజిందని ఊరంత జెప్తవ్ గావచ్చు?"

"చెప్పను."

"చెప్పినా ఏం గాదు తియ్, గిరాకి వస్తది," అని చక్రం తిప్పింది.

పాత హ్యాండ్‌బ్యాగు తోలుతో ఒర కుట్టుకున్నాను. ఆఫీసు గేట్లో బ్యాగు స్కాన్ చేస్తారు కాబట్టి పని వేళల్లో చాకు స్కూటీ డిక్కీలో నిద్రపోయేది. సాయంత్రం బయటికి రాగానే దానికి ఏదో ఒకటి కోసిపెట్టాలనిపించేది. జామకాయ కోశాను. పార్శిల్ టేపులు కోశాను. మా పిన్నికి అక్కర్లేకపోయినా దారపు ఉండలు కోసి ఇచ్చాను. రోజూ సాయంత్రం పనికిరాని కొమ్మల మీద కన్నులు లేపుతూ కూర్చున్నాను. మొదటి రోజు లేచినవన్నీ చిరిగాయి. వారం తిరిగేసరికి కన్ను నీటి బిందువులా జారి వచ్చింది. నేను గట్టిగా కేకేస్తే పిన్ని పరిగెత్తుకొచ్చింది, వేలు తెగిందనుకుని.

అసలు పని దసరా పొద్దున సెలవు రోజు తీరిగ్గా చేద్దామనుకున్నాను. అడవి గులాబీ కుండీలు సిద్ధం చేసుకుని, తలస్నానం చేసి వచ్చేసరికి చాకు లేదు. దేవుడి దగ్గర ఉంది. కత్తిపీట, కత్తెరలు, కుట్టు మిషను సూదులు, స్కూటీ తాళం, కూరల చాకు, వీటన్నిటి మధ్య పసుపు పూసుకుని, కుంకుమ బొట్టు పెట్టుకుని, నెత్తిన బంతిపూవుతో కూర్చుంది.

"పిన్నీ! అది నాకు ఇప్పుడు కావాలి!"

"ముట్టుకున్నావంటే చూడు. ఆయుధ పూజ. ఇవాళ పనిముట్లకి సెలవు. రేపు పొద్దున్న ఉద్వాసన చెప్పాకే తియ్యడం."

"రేపు పొద్దున్న జేసీబీ వచ్చేస్తుంది!"

"వచ్చేసిందిగా. అదీ పూజలోనే ఉంది, చూడు."

గేటు బయటికి చూశాను. ముందురోజే తెచ్చి నిలబెట్టిన జేసీబీకి డ్రైవరు బంతిపూల దండ వేసి, గుమ్మడికాయ కొడుతున్నాడు. నా చాకూ, దాని ప్రత్యర్థీ ఒకే అలంకారంలో ఉన్నాయి. ఇంట్లో అంచు ఉన్న ప్రతి వస్తువూ పూజలోనే. సిస్టరమ్మ చాకులు, కత్తెరలు అప్పటికే పుప్పాలగూడ లారీలో వెళ్లిపోయాయి.

పులిహోర తినడానికి వచ్చిన సిస్టరమ్మకి సంగతి చెప్పాను. ఆమె దేవుడి గది వైపు చూసి, "వద్దే. నేను చర్చికి వొయ్యేదాన్నే, కని మీ అమ్మోరి ముంగట వెట్టిన దాన్ని నా చెట్టు కోసం తియ్యమని నేననను," అంది. ప్లేటులో పులిహోర అలాగే ఉండిపోయింది.

పిన్ని ఆ ప్లేటునే చూసింది. తర్వాత చెంగు దోపుకుని గేటు దగ్గరికి వెళ్లింది.

"ఏవయ్యా, పూజైతే చేశావు. రేపు ఉద్వాసన ఎవరు చెప్తారు?"

డ్రైవరు తెల్లబోయాడు. "అదేందమ్మా? గది గూడ జెప్పాల్నా?"

"చెప్పకుండా కదిపేస్తారా? రేపు నేను వచ్చి చెప్తాను. అప్పటిదాకా బండి తాళం తిప్పకు."

మర్నాడు తెల్లవారగానే నా చాకుకి అక్షింతలు వేసి, పీట చివరికి జరిపి, "కానీ" అంది పిన్ని. అంతే. ఆ తర్వాత హారతి పళ్లెంతో జేసీబీ దగ్గరికి బయల్దేరింది. నేను గులాబీ దగ్గర కూర్చున్నాను. సిస్టరమ్మ కుండీ పట్టుకుంది. గోడ అవతల నుంచి మాటలు వినబడుతున్నాయి.

"చక్రాలెన్ని?"

"నాలుగమ్మా."

"నాలుగింటికీ విడివిడిగా చెప్పాలి. ఆ ముందు చెయ్యి?"

"గది బకెట్."

"దానికి వేరే. వెనక తొండం ఉందే, అదీ?"

"అమ్మా, జర జల్ది జెయ్యుండ్రి. సేటు ఫోన్ జేస్తుండు."

"సేటు కూడా వచ్చి అక్షింతలు వేసుకోమను."

నాకు నవ్వు ఆగడం లేదు. చేతులు మాత్రం పని ఆపలేదు. చాకు ఏదో పాట తెలిసినట్టు సాగిపోయింది. కన్ను జారింది, బెరడు విడింది, కన్ను లోపలికి దిగింది, పట్టీ బిగిసింది. ఒకటి, ఇంకొకటి, మరొకటి. సిద్ధం చేసిన కుండీలన్నీ అయిపోయాయి. చివరిదానికి సిస్టరమ్మే కట్టు కట్టింది. కట్లు కట్టి కట్టి అరిగిన వేళ్లు అవి, నాకంటే బాగా కట్టింది.

కుండీలన్నీ మా ఇంట్లోకి చేరాక నేను పిన్నికి చెయ్యి ఊపాను. పిన్ని హారతి ఇచ్చింది. డ్రైవరు కళ్లకద్దుకుని, మాకందరికీ దండం పెట్టి, "ఏం జేస్తున్నరో గిప్పుడు సమజైంది. జర ముందే జెప్తె ఆగుదును గదమ్మా!" అన్నాడు. తర్వాత బండెక్కాడు. గులాబీ ఉన్న మూలని అన్నిటికంటే చివర ముట్టుకున్నాడు.

చివరి కుండీని సిస్టరమ్మ తనతో పుప్పాలగూడ తీసుకెళ్లింది. నా దగ్గరున్న కొన్ని కుండీల్లో కన్ను ఎండిపోయింది. ఆ రోజుల్లో నా సంతోషం అంతా పారిపోయి, రాత్రీ పగలూ పుస్తకం తిరగేశాను. ఒక సాయంత్రం పుప్పాలగూడ నుంచి ఫోను వచ్చింది. "వచ్చిందే! పెసరగింజంత! పచ్చగ!" అని సిస్టరమ్మ అరుస్తుంటే వెనక మనవరాలు కూడా అరుస్తోంది. నేను రిసెప్షన్‌లో ఉన్నానని మర్చిపోయి నేనూ అరిచాను.

పేర్లు రాయొద్దని అందరూ అన్నారు కాబట్టి, నేను పిలిచే పిలుపులతోనే దండాలు పెడుతున్నాను. లింగంపల్లి అక్కకి, కొలిమి అన్నకి. పుస్తకం గడువు దాటినా మళ్లీ రాసి ఇచ్చిన గ్రంథాలయం సార్‌కి. జేసీబీలో ఎన్ని భాగాలున్నాయో అన్నిటికీ వీడ్కోలు చెప్పిన మా పిన్నికి. చివరి కట్టు కట్టిన సిస్టరమ్మకి, ఎందుకంటే అన్నిటికంటే ముందు లేచిన కన్ను అదే. డ్రైవరన్నకి కూడా. ఆయన వాళ్లావిడకి ఒక మొక్క కావాలన్నాడు. వచ్చే ఆదివారం అంటు కట్టి ఇస్తాను.