నూట పదిహేడు దగ్గర ఆగిన పడవ

పలాస పోలారావు ముప్పై ఏళ్లు లారీ నడిపాడు. గేరు రాడ్డు మీద అరచెయ్యి ఆనిస్తే చాలు, బండికి ఒంట్లో ఎలా ఉందో తెలిసిపోయేది. రాడ్డు వణుకును బట్టే రోడ్డు పక్క కొబ్బరిచెట్టుకు ఎన్ని కాయలున్నాయో కూడా చెప్పేవాడని ఉద్దానంలో అంటారు. నేను పూర్తిగా నమ్మను. మూడు నాలుగు కాయలు తేడా వచ్చేది.

యాభై ఎనిమిదో ఏట అతని చేతికి ఆటోమేటిక్ గేర్ల పికప్ వచ్చింది. యజమాని జగన్నాథరావు దానికి ట్రైలర్ తగిలించి పడవలు, జనరేటర్లు లాగిస్తాడు. అందులో గేర్లు వాటంతటవే మారతాయి, అరచేతికి ఏమీ తెలియదు. మొదటి నెలలోనే పోలారావు ఇసుకలో ట్రైలర్ లాగి గేరు ఆయిల్ మాడ్చేశాడు. ఇంకోసారి ఇలా జరిగితే తాళం బల్ల మీద పెట్టి వెళ్లిపొమ్మని జగన్నాథరావు నెమ్మదిగానే చెప్పాడు. అరిచి ఉంటే పోలారావు అంత భయపడేవాడు కాదు.

కూతురు యామిని స్టీరింగ్ కింద అగ్గిపెట్టెంత పరికరం గుచ్చి, ఆ ఆయిల్ వేడి ఫోనులో కనిపించేలా చేసింది. వంద డిగ్రీలు దాటితే వేగం తగ్గించి నడపాలి, నూట ఇరవై లోపే ఆపెయ్యాలి. అప్పటినుంచి పోలారావు ఒక కన్ను రోడ్డు మీద, రెండోది అంకె మీద ఉంచేవాడు. నిద్రలో కూడా ఆ రెండో కన్ను మూతపడేది కాదట. పాత అలవాటు మాత్రం పోలేదు. రేడియేటర్ కోసం అయిదు లీటర్ల నీళ్ల డబ్బా సీటు వెనకే ఉండేది.

మొన్న వేసవిలో పలాస నుంచి కొత్త ఫైబర్ పడవను మూలపేట సముద్రపు ఒడ్డుకు చేర్చాల్సి వచ్చింది. పడవ బొడ్డమ్మది. ఆమె కూడా బండిలోనే బయలుదేరింది. దారిలో రావివలసలో ఎండల మల్లికార్జునస్వామికి పూజ చేయించి, బండి ముందు జాలీ నిండా బంతిపూల దండ, దాని మీద పసుపు రాసిన కొత్త చీర కట్టించింది. పడవ నీళ్లు ముట్టేదాకా వాటిని విప్పకూడదని ఆమె మొక్కు.

నౌపడ దాటేసరికి నూట ఐదు. పోలారావు ఏసీ ఆపాడు, వేగం తగ్గించాడు. రోడ్డు చదునుగానే ఉంది, ఇసుక ఇంకా రానే లేదు. నూట పదిహేడు దగ్గర బండి పక్కకు తీశాడు. ఆయిల్ తిరుగుతూ చల్లబడాలని ఇంజన్ ఆపకుండా న్యూట్రల్‌లో ఉంచాడు. అంకె దిగలేదు. దిగి చూస్తే గాలి పోవాల్సిన చోటంతా చీర. ఆయిల్ కూలర్ దాని వెనకే ఉంది.

చీర విప్పాలన్నాడు. బొడ్డమ్మ అడ్డంగా నిలబడింది.

"ముట్టుకోకు తమ్ముడా. నా పడవకేటైనా అయితే నువ్విత్తావా?"

"రావివలస సామికి నెత్తి మీద కప్పుందా అక్కా?"

"నేదు. ఆయనకి ఎండే కావాల, గాలే కావాల."

"సామే కప్పొద్దన్నాడు. ఆయన పేరు సెప్పి బండికి ముసుగేసినాం మనం."

 బొడ్డమ్మ సీటు వెనక నీళ్ల డబ్బా తీసి, మూత తిప్పి, ట్రైలర్ మీదున్న పడవ ముక్కు మీద నీళ్లన్నీ కుమ్మరించింది.

"పడవ నీళ్లు ముట్టింది. ఇప్పిసెయ్యి."

దండ, చీర పడవకు కట్టారు. మూలపేట ఇసుక దగ్గర అంకె తొంభై ఆరు. సాయంత్రం పోలారావు తాళం జేబులో వేసుకునే ఇంటికి వెళ్లాడు.