నలభై ఇళ్లలో విరిగిన ఒకే పొయ్యి

ముందే చెప్పేస్తున్నాను, నేను పెంచి చెబుతాను. నేను చూసిన బల్లి మీ దగ్గరికి వచ్చేసరికి ఉడుమవుతుంది. గిద్దలూరులో నా జిరాక్స్ దుకాణానికి వచ్చేవాళ్లకు ఈ సంగతి తెలుసు. నేను "పది నిమిషాల్లో ఇస్తా" అంటే వాళ్లు టీ తాగి, క్షవరం కూడా చేయించుకుని వస్తారు. కాబట్టి ఇందులో ఎక్కడ నమ్మబుద్ధి కాకపోతే అక్కడ సగం తగ్గించుకోండి. ఒక్క చోట మాత్రం పెంచడం కాదు, అసలుకే అబద్ధం ఆడాను. అది చివర్లో చెబుతాను.

భూగోళాన్ని కాపాడే పని రాచర్ల మండలంలోని మా ఊరికి ట్రాలీ ఆటోలో వచ్చింది. ఎక్కడో మంచు కురిసే దేశంలో ఒక కంపెనీ ఆకాశంలోకి పొగ వదులుతుందట. మేము ఇక్కడ కట్టెల పొయ్యిలు మానేస్తే ఆ పొగా ఈ పొగా చెల్లుకు చెల్లు అట. దేశాలన్నీ కూర్చుని కుదుర్చుకున్న ఏర్పాటు. ఆ కూర్చున్నవాళ్లలో మా ఊరివాళ్లు లేరు. ఉండి ఉంటే కుర్చీల దగ్గరే గొడవై ఆ సమావేశం ఇంకా మొదలయ్యేది కాదు.

ఇంటికొక ఇనుప పొయ్యి ఉచితం. మేము చేయాల్సిందల్లా మట్టి పొయ్యి పగలగొట్టి, ఆ ముక్కల పక్కన ఇంటావిడ నిలబడి ఫోటో దిగడం, మళ్లీ కట్టనని వేలిముద్ర వేయడం. ఊరంతా ఒప్పుకుంటే మంచినీళ్ల ప్లాంటు కూడా పెట్టిస్తామన్నారు. మా బోరు నీళ్లు తాగి పళ్లు పచ్చబడనివాడు మా ఊళ్లో పళ్లే లేనివాడు. అందరం ఒప్పుకున్నాం.

మార్కాపురం నుంచి వచ్చిన సూపర్‌వైజరు కాగితాలన్నీ ఇంగ్లీషులో ఉన్నాయని నన్ను వెంట తిప్పుకున్నాడు. మొదట మా పక్కింటి అత్తకు చెప్పాను. ఆమె ఊరందరికీ అత్తే. మొగుడు పోయినప్పటి నుంచి జొన్న రొట్టెలు కాల్చి బతుకుతోంది. రోడ్డు మీద ఆగే లారీ డ్రైవర్లూ, గిద్దలూరులోని షుగర్ పేషెంట్లూ ఆమె రొట్టెలకే వస్తారు. ఒక్కో రొట్టె ఎద్దుబండి చక్రమంత. సరే, సగం తగ్గించుకోండి.

"నీ పొయ్యి పొగ ఆకాశాన్ని పాడుచేస్తాందంట అత్తా" అన్నాను.

"నా పొయ్యి పొగ నా కండ్లలోకి రావడమే గాని, చూరు దాటి పోవడం నేనెప్పుడూ జూడలే. అంత దూరం ఎట్ల పోయింది అల్లుడా? చార్జీలు ఎవురిచ్చినారు?"

కానీ వేలిముద్ర వేసింది. నీళ్లు అందరికీ కావాలి కదా.

ఇక పగలగొట్టడం. అన్నానికీ టీకీ అందరికీ గ్యాసుంది. జొన్న రొట్టెకు మాత్రం మట్టి పొయ్యే కావాలి. పెనం మీద కాలాక రొట్టెను నిప్పుల ముందు నిలబెడితేనే పొంగుతుంది. ఇనుప పొయ్యికి ముందు జాగాయే లేదు. నోరు చూస్తే చెంబంత. పుట్టమన్నూ పొట్టూ కలిపి తొక్కి కట్టుకున్న పొయ్యిని పగలగొట్టమంటే ఏ ఆడమనిషి ఊరుకుంటుంది?

ఉపాయం చెప్పింది నేనే. ఊరి చివర పాడుబడిన ఇంట్లో ఒక పొయ్యి ఉంటే దాన్ని పగలగొట్టి, ముక్కలు గంపకెత్తాం. ఆ గంప ఇల్లిల్లూ తిరిగింది. ముక్కలు నేల మీద పోయడం, ఇంటావిడ నిలబడడం, ఫోటో, మళ్లీ గంపలోకి ఎత్తడం. అసలు పొయ్యిల మీద కట్టెల మోపులు కప్పేశారు. సూపర్‌వైజరు అన్నీ చూశాడు. అతనికి కావలసింది ఫోటోలు. నలభై ఇళ్లలో నలభై పొయ్యిలు విరిగాయి, ఒక్క పొయ్యి ఖర్చుతో. ఊళ్లో అంతటి ఐకమత్యం నేను ఎన్నికలప్పుడు కూడా చూడలేదు.

చెడగొట్టింది మా ఆడవాళ్ల సోకు. ఆ ముక్కల్లో ఒకదాని మీద ముగ్గు గీతలు, నడుమ ఎర్రటి జాజు బొట్టు ఉన్నాయి.

"ఆ బొట్టు ముక్క పైకి పెట్టు వదినే, ఫోటోలో కళగా ఉంటాది."

"మీ ఇంట్లో అదే పెట్టినారు గదే?"

"పెడితే ఏంది? మాది మాత్రం పొయ్యి గాదా?"

నలభై ఫోటోల్లోనూ ఆ బొట్టు ముక్కే పెళ్లికూతురిలా నడుమ కూర్చుంది.

కొన్ని నెలలకు ఆ దేశం నుంచి దొర వచ్చాడు. తాటిచెట్టంత మనిషి. మా వీధిలో నిలబడి ఫోటోలు ఒక్కొక్కటే చూశాడు. కోప్పడితే సర్దిచెప్పడం మాకు చేతనవును, కుర్చీ వేసి మజ్జిగ ఇస్తాం. ఆయన నవ్వాడు. తన కళ్ల ముందు ఒక్క పొయ్యి అయినా విరగాలని, లేదంటే ఊరి పేరే కొట్టేస్తామని, నీళ్ల ప్లాంటు కూడా ఉండదని మెత్తగా చెప్పాడు. తర్వాత వేలెత్తాడు. ఆ వేలు వీధంతా తిరిగి అత్త ఇంటి మీద ఆగింది.

లోపల పొయ్యి మండుతోంది. అత్త పిండి కలుపుతోంది.

"డ్రైవర్లకు చెప్పినా నాయనా. ఈ పూట రొట్టెలు కాల్చుకుంటా, రేపు కొట్టుకోండి" అంది నాతో.

ఏమంటోందని దొర అడిగాడు. చాలా సంతోషంగా ఉందంటోందని చెప్పాను.

"ఎలిగే పొయ్యిని కొట్టగూడదు అల్లుడా, ఉండు" అని ఆమే నీళ్లు చల్లి ఆర్పింది. పసుపు రాసి, తాకి, కళ్లకద్దుకుంది. దొరకు అది బాగా నచ్చి వీడియో తీసుకున్నాడు. సూపర్‌వైజరు గడ్డపార ఎత్తాడు. మూడే దెబ్బలు. ఇది పెంచలేదు.

"నవ్వత్తా" అన్నాను.

"ఎందుకు?"

"ఫోటోకు."

నవ్వింది. ఉన్న నాలుగు పళ్లూ పడ్డాయి ఫోటోలో. అది వాళ్ల దేశంలో రంగుల పుస్తకం అట్ట మీదికెక్కింది.

ఇనుప పొయ్యి మీద పెనం ఒరిగిపోయేది. రొట్టె నడుమ మాడేది, అంచులు పచ్చి. నెల తిరక్కుండానే డ్రైవర్లు ఇంకో ఊళ్లో ఆగడం మొదలుపెట్టారు. మళ్లీ కట్టుకుందామంటే అత్త వేళ్లు వంకరపోయాయి, మట్టి తొక్కగలదు గాని ఎత్తి పొయ్యి కట్టలేదు. పైగా వచ్చిన ప్రతి పెద్దమనిషినీ ఆ ఇంటికే తీసుకొస్తారు. మట్టి పొయ్యి లేని ఇల్లు చూపించాలంటే ఊళ్లో అదొక్కటే ఉంది మరి.

ఒక రోజు పిండి గిన్నె పట్టుకుని మా ఇంటికి వచ్చింది.

"మీ పొయ్యి మీద నాలుగు రొట్టెలు కాల్చుకుంటా అమ్మా."

"మాకు పొయ్యి ఏడిది అత్తా? అందరివీ పగలగొట్టినారు గదా" అంది మా ఆవిడ. పెరట్లోంచి వచ్చిన పొగకు ఇద్దరూ దగ్గారు.

అత్త ఇప్పుడు రొట్టెలు అమ్మడం లేదు. రేషన్ బియ్యం వండుకుంటుంది. నీళ్ల ప్లాంటు వచ్చింది, నీళ్లు చాలా తియ్యగా ఉన్నాయి.

ఇక నేను కల్పించిన సంగతి. దొర వేలెత్తలేదు. "ఏ ఇల్లు?" అని నన్నే అడిగాడు. అప్పుడాయన నిలబడింది మా గుమ్మం ముందు. పెరట్లో మా ఆవిడ మా పొయ్యి మీద కట్టెల మోపు సర్దుతున్న చప్పుడు నాకు వినిపిస్తోంది. పక్కింట్లో పెద్ద పొయ్యి ఉంది సార్, ఫోటోకు బాగుంటుంది అన్నాను.

ఇంగ్లీషులో అన్నాను కాబట్టి అత్తకు తెలియదు. కుళాయి దగ్గర కనిపించినప్పుడల్లా, "ఊళ్లో ఇన్ని ఇండ్లుంటే ఆ దొరకు నా ఇల్లే కనపడింది జూడు అల్లుడా" అంటుంది.

"అవునత్తా" అని బిందె ఎత్తి ఆమె నెత్తిన పెడతాను.