తొమ్మిదో ఫారం

అట్టలక్క ఇరవై ఆరేళ్ళుగా పుస్తకాలు కుడుతోంది. ఎన్ని వేలు కుట్టిందో లెక్క లేదు. మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివింది మాత్రం ఒక్కటీ లేదు. గ్రంథాలయం వెనక గదిలో కిటికీ పక్కన పొడవాటి బల్ల, ఇనప ప్రెస్సు, నాలుగు సైజుల దబ్బనాలు, దారపు ఉండలు, జిగురు గిన్నె. అదీ ఆమె రాజ్యం. చిరిగిన పుస్తకం ఎడమ పక్క నుంచి వచ్చి, కొత్త అట్ట తొడుక్కుని కుడి పక్క నుంచి వెళ్ళిపోయేది. ఇన్ని పుస్తకాల మధ్య కూర్చుని ఒక్కటైనా చదవవేమని ఎవరైనా అడిగితే, వండేవాళ్ళకి వాసనతోనే కడుపు నిండుతుందని తప్పించుకునేది.

అలాంటి మనిషి ఈ ఎండాకాలం పదిహేడు పుస్తకాలు చదివింది. చదివి ఊరుకోకుండా, ఒక్కోదాని గురించి నోటుబుక్కులో రాసి పెట్టింది.

పైకప్పు మరమ్మతు కోసం గ్రంథాలయాన్ని రెండు నెలలు మూసేశారు. కొత్తగా వచ్చిన లైబ్రేరియన్ మేడమ్ తక్కువ మాటల మనిషి. మూడొందల చిరుగు పుస్తకాలు బల్ల మీద పెట్టించి, తెరిచేలోగా అన్నీ సిద్ధం కావాలంది. దాంతో పాటు ఇంకో మాట కూడా చెప్పింది. బైండింగు పని బయట మెషీన్ షాపుకి ఇచ్చేద్దామని కమిటీలో లాయరమ్మ పట్టుబడుతోందట. తెరవడానికి వారం ముందు కమిటీ వాళ్ళు వచ్చి, ఈ ఎండాకాలం కుట్టినవాటిలోంచి తమకి తోచిన పది తీసి చూస్తారట. బాగుంటే పని ఇక్కడే ఉంటుంది. లేకపోతే వెనక గదిలో పాత పేపర్లు పెట్టుకుంటారు.

అట్టలక్కకి యాభై రెండు. వేరే పని రాదు, నేర్చుకోవాలనీ లేదు. సరే మేడమ్ అని దారం తీసుకుంది.

పుస్తకం వీపుకి జిగురు రాశాక అరగంట ప్రెస్సులో ఉంచాలి. తొందరపడి తీస్తే వీపు నోరు తెరుస్తుంది. మామూలు రోజుల్లో ఆ అరగంట గుమాస్తాలతో కబుర్లకి సరిపోయేది. ఇప్పుడు గుమాస్తాలు లేరు. వాచ్‌మన్ ఉన్నాడు గానీ, అతను కుర్చీలో కూర్చుంటే కుర్చీకీ అతనికీ తేడా తెలియదు. మూడో రోజు ఊసుపోక ముందున్న పుస్తకం తెరిచింది. బావులు తవ్వేవాడి కథ. ముప్పై అడుగుల లోతులో తాడు తెగింది. జిగురు ఎప్పుడు ఆరిందో ఆమెకి తెలియలేదు. తలెత్తి చూస్తే గంటంబావు గడిచింది.

ఆ సాయంత్రమే కత్తిరింపు కాగితాలు పోగేసి, కుట్టి, తనకో నోటుబుక్కు చేసుకుంది. మొదటి పేజీలో ఇలా రాసింది: "ఒకటి. ఆకుపచ్చ అట్ట. బావి కథ. పదకొండు జిగుర్లు పట్టింది. వాడు పైకి వస్తాడు. రాడేమోనని చచ్చాను."

జిగుర్లంటే జిగురు ఆరే అరగంటలు. ఏ పుస్తకమైనా ఆమెకి అదే కొలత. నాలుగోది మూడు జిగుర్లే పట్టింది. "సన్నగా ఉంది గానీ బరువెక్కువ" అని రాసింది. ఆరోదానికి ఇరవై రెండు, "ఇద్దరన్నదమ్ముల గొడవ. పెద్దవాడిది తప్పు. చిన్నవాడిదీ తప్పే. తల్లికి ఒక్క మాట మాట్లాడే అవకాశం ఇవ్వలేదు రచయిత."

నోటుబుక్కు మొదట చూసింది ఆడపడుచు. బళ్ళో టీచరు, సెలవుల్లో ఉంది, పక్క వాటాలోనే కాపురం. ఎవరి రాత చూసినా ఆమె వేళ్ళు ఎర్ర పెన్ను వెతుక్కుంటాయి.

"పుస్తకం చదివితే సారాంశం రాయాలి వదినా. ఇదేంటి, పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదులా?"

"సారాంశం పుస్తకంలోనే ఉందిగా. దాన్ని మళ్ళీ నేనెందుకు రాయడం? నాకేమైందో అది రాశాను."

టీచరు నోటుబుక్కు తిరిగి ఇచ్చేసింది. మర్నాటి నుంచి రోజూ వచ్చి, ఇవాళ ఎంతదాకా వచ్చావని అడగడం మొదలుపెట్టింది.

తొమ్మిదో పుస్తకంతో అట్టలక్క కాలు నేల మీద నిలవలేదు. సముద్రం ఒడ్డున చేపలు ఎండబెట్టుకునే ఒకమ్మాయి. రచయిత ఆమెకి పేరు పెట్టలేదు, పుస్తకమంతా "ఆమె" అనే అంటాడు. నూట ఇరవై ఎనిమిదో పేజీ చివర ఆమె గంప ఎత్తుకుని ఇసకలో నడుస్తోంది. పక్క పేజీకి వస్తే ఆస్పత్రిలో ఉంది. చేతికి గ్లవ్స్. ఎదురుగా బల్ల మీద కడుపు కోసి ఉన్న మనిషి. పదహారు పేజీలు ఊపిరాడనివ్వని ఆపరేషన్. ఆ తర్వాత ఏమీ ఎరగనట్టు మళ్ళీ చేపలు తిరగేస్తోంది. అది కల అని ఒక్క మాట కూడా చెప్పలేదు. అట్టలక్క పుస్తకం మూసి, లేచి, గదిలో రెండు చుట్లు తిరిగింది. "చెప్పకుండా వదిలేశాడు. ఇలా కూడా రాయొచ్చని నాకు ఎవరూ చెప్పలేదే" అని నోటుబుక్కులో రాసి, కింద రెండు గీతలు గీసింది.

ఆ కథ ఆమె ఎవరికీ చెప్పకుండా వదల్లేదు. వాచ్‌మన్‌ని నిద్ర లేపి మరీ చెప్పింది. ఆడపడుచుకి రెండుసార్లు చెప్పింది. తలనొప్పి మాత్రకి వెళ్ళి వీధి చివర మందుల షాపాయనకి చెప్పింది. పాత సభ్యులకి సెలవుల్లో కూడా కిటికీలోంచి పుస్తకాలిచ్చే పద్ధతి ఉంది. షాపాయన ఆ సాయంత్రమే వచ్చి దాన్ని రాయించుకుని పట్టుకుపోయాడు.

పద్నాలుగోది అదే రచయితది, అదే ప్రెస్సులో అచ్చయింది. ఇందులోనూ పేరు లేదు, "ఆమె" డాక్టరు. దీని గురించి నోటుబుక్కులో కాస్త పెద్దరికంగా రాసుకుంది: "ఈయనకి ఇదో అలవాటు. ఆపరేషన్ మొదలుపెట్టగానే కల వచ్చేసింది, ఈసారి సముద్రం, చేపలు. మనకి తెలిసిపోయింది. రెండోసారి చేస్తే అంత రుచి లేదు."

కమిటీ పరీక్షకి ఒకరోజు ముందు, పనంతా అయిపోయి, బల్ల తుడిచి, వదినా ఆడపడుచులు నోటుబుక్కు ముందేసుకుని కూర్చున్నారు. టీచరు మొదటి నుంచి పైకి చదువుతూ నవ్వుతోంది. పద్నాలుగు దగ్గర ఆగి, వెనక్కి తిప్పి, తొమ్మిది మళ్ళీ చదివింది.

"వదినా, అందులో ఆస్పత్రి ఎన్ని పేజీలన్నావు?"

"పదహారు."

"మరి ఇందులో చేపలు?"

"పదహా..."

ఆ మాట పూర్తి కాలేదు. పుస్తకాలు కుట్టేవాళ్ళకి పదహారంటే అంకె కాదు, ఒక ఫారం. పెద్ద కాగితం మడతపెట్టి కోస్తే వచ్చే పదహారు పేజీల కట్ట. అలాంటి కట్టలు వరసగా పేర్చి కుడితేనే పుస్తకం. నూట ఇరవై తొమ్మిది నుంచి నూట నలభై నాలుగు దాకా, తొమ్మిదో ఫారం. రెండు పుస్తకాల వీపులూ ఒకే రోజు ఒకే బల్ల మీద విప్పింది. ఒకే సైజు, ఒకే అక్షరం, అడుగున అదే ఫారం నంబరు, తొమ్మిది. కుట్టేముందు పేజీ నంబర్లు సరిచూసుకుంది, సరిపోయాయి. ఎందుకు సరిపోవు? సముద్రం పుస్తకంలోకి ఆస్పత్రి ఫారం వెళ్ళింది, ఆస్పత్రి పుస్తకంలోకి సముద్రం.

రెండు గీతలు గీసి మెచ్చుకున్న గొప్పతనం రచయితది కాదు, తన దబ్బనానిది.

టీచరుకి నవ్వు ఆగలేదు. వదిన మొహం చూశాక ఆగింది. డాక్టరు పుస్తకం అలమారలోనే ఉంది. రెండోది మందుల షాపులో ఉంది. అట్టలక్క చెప్పులు కూడా సరిగా తొడుక్కోకుండా వీధిలోకి పరిగెత్తింది.

షాపులో ముగ్గురు చీటీలు పట్టుకుని నిలబడి ఉన్నారు. షాపాయన కౌంటరు కింద పుస్తకం దాచుకుని, ఎప్పటిలాగే బేరాల మధ్య ఒక్కో పేజీ చదువుతున్నాడు. ఇచ్చెయ్యండి, తర్వాత చెప్తానంటే ఆయన వినలేదు.

"ఆపరేషన్ మధ్యలో ఉందమ్మా. నాలుగు పేజీలే. వాడు బతుకుతాడో లేదో చూడనీ."

"బతుకుతాడండీ. వేరే పుస్తకంలో."

ఆయన అర్థం చేసుకునేలోపే పుస్తకం ఆమె చంకలో ఉంది.

రెండు పుస్తకాల అట్టలూ ఊడదీసి, దారం కోసి, ఫారాలు మార్చి మళ్ళీ కుట్టేసరికి సాయంత్రం అయిదు. దారం రెండుసార్లు తెగింది. వీపులకి జిగురు రాసి ప్రెస్సులో బిగించింది. ఇంతకుముందే ఒకసారి కుట్టిన వీపు కాబట్టి ఈసారి అరగంటతో ఆరదు, మర్నాడు మధ్యాహ్నం దాకా కదపకూడదు. పరీక్ష పొద్దున పదింటికి. ఆడపడుచు తేలిగ్గా చెప్పింది: మూడొందల్లో రెండు తగ్గితే ఎవరికి తెలుస్తుంది, నోరు మూసుకుని ఉండు వదినా. అట్టలక్క కూడా సరేనంది. నిజంగానే అంది.

పదింటికి కమిటీ వచ్చింది. లాయరమ్మ, రిటైరైన హెడ్మాస్టరు, బట్టల షాపాయన. పది పుస్తకాలు తీశారు. లాయరమ్మ ఒక్కోదాన్నీ బార్లా తెరిచి, వీపు పట్టుకుని ఊపింది. హెడ్మాస్టరు భూతద్దంతో కుట్లు లెక్కపెట్టాడు. బట్టల షాపాయన అట్ట గుడ్డ నలిపి చూసి, సరుకు మంచిదన్నాడు. ఒక్క వంకా దొరకలేదు. లాయరమ్మ పెన్ను మూతపెట్టింది. గుమ్మం దగ్గర ఆడపడుచు అప్పటిదాకా బిగపట్టిన ఊపిరి వదిలింది.

లేవబోతూ లైబ్రేరియన్ మేడమ్ మామూలుగా అడిగింది. "ప్రెస్సులో ఏమున్నాయి?"

రేపటివి అంటే సరిపోయేది. నిన్న సాయంత్రం నుంచి ఆ మాట వందసార్లు అనుకుని పెట్టుకుంది కూడా. కానీ నెలన్నర నుంచి చదివిన ప్రతిదాన్నీ ఎవరో ఒకరికి చెప్తూ వచ్చిన నోరు అది.

"అదో పెద్ద కథ మేడమ్" అని మొదలుపెట్టింది. గంప ఎత్తుకున్న అమ్మాయి దగ్గర నుంచి చెప్పింది. గ్లవ్స్ చెప్పింది, రెండు గీతలు చెప్పింది, రచయితకి ఇదో అలవాటని తను రాసుకున్నది చెప్పింది. మందుల షాపు దగ్గరికొచ్చేసరికి హెడ్మాస్టరు కళ్ళు తుడుచుకుంటూ నవ్వుతున్నాడు. లాయరమ్మ మాత్రం నవ్వలేదు. పెన్ను మూత తీసింది.

"మిగతావాటిలో ఇలాంటివి లేవని ఏంటి నమ్మకం?"

"చదివిన పదిహేడింటికి నాది పూచీ అండీ. మిగతావి చదవలేదు."

గుమ్మం దగ్గర ఆడపడుచు నుదురు కొట్టుకుంది.

లైబ్రేరియన్ మేడమ్ నాలుగు రోజులు గడువు అడిగింది. ఫారం చివరి వాక్యం, తర్వాతి ఫారం మొదటి వాక్యం. రెండూ కలుస్తున్నాయో లేదో చదివి చూడాలి. రెండొందల ఎనభై మూడు పుస్తకాలు. అట్టలక్క, ఆడపడుచు కూర్చున్నారు. వాచ్‌మన్ తనంతట తనే కుర్చీ లాక్కుని వచ్చాడు. షాపాయన మధ్యాహ్నం షట్టరు దించి వచ్చి చేరాడు, ఆ బతకాల్సినవాడు ఎలాగూ బతికాడని తెలుసుకుని వచ్చాడు కాబట్టి మంచి ఊపు మీదున్నాడు. గది సంతలా తయారైంది. ఎవడో రైలెక్కుతున్నాడు, దిగాడా? దిగాడు. ఇక్కడ రాజీనామా ఇచ్చేసింది, ఒప్పుకున్నారా? ఉండు, చూడనీ. కలిసిన ప్రతి చోటా ఎవరో ఒకరు బల్ల మీద చరిచేవాళ్ళు. మూడో రోజు వాచ్‌మన్ ఒక పుస్తకం ఎత్తి చూపించాడు. "అట్టలక్కా, గులాబీలకి ఎరువు వేస్తుంటే మధ్యలో తేనెటీగలొచ్చాయి." తేనెటీగల పుస్తకం వెతికితే అందులో గులాబీలున్నాయి. అంతే. మిగతావి శుభ్రం.

అయిదో రోజు లాయరమ్మ ఒక్కతే వచ్చింది. మెషీన్ షాపుకి ఫోన్ చేసిందట. ఫారాలు ఎలా సరిచూస్తారని అడిగితే, నంబర్లు చూస్తామన్నారట. రెండు పుస్తకాల్లో ఒకటే నంబరుంటే? అప్పుడు దేవుడున్నాడండీ అన్నారట. "ఇక్కడ కనీసం మీరున్నారు" అని, సంతకం చేసిన కాగితం బల్ల మీద పెట్టింది. బైండింగు ఇక్కడే.

ఆమె వెళ్ళాక లైబ్రేరియన్ మేడమ్ గదిలోకి వచ్చింది. వాళ్ళ మధ్య అంత పొడుగు సంభాషణ అదే మొదటిది.

"ఇక నుంచి మీరు కుట్టినవి చదవండి. అన్నీ కాకపోయినా, కుదిరినన్ని. చదివి రాసింది నెలకోసారి నాకు చూపించండి."

"చూపిస్తాను మేడమ్. కానీ బాగుందో లేదో అని నేను రాసేది మాత్రం మీరు దిద్దకూడదు. మా ఆడపడుచు కూడా."

మేడమ్ ఒప్పుకుంది. ఆడపడుచు ఇంకా ఒప్పుకోలేదు.