ఉప్పునీళ్ళ పెట్టె

నాకు అక్షరాలు వచ్చింది ముప్ఫై దాటాక, రాత్రిబడిలో. అంతకు చాలా ముందే రేడియోలు విప్పి బాగుచెయ్యడం వచ్చు. రేడియో లోపలి ముక్కల మీద రంగు గీతలుంటాయి, దేని విలువెంతో ఆ రంగులే చెబుతాయి. వాటిని చదవడానికి ఓనమాలు అక్కర్లేదు. ఈ మాట ఎందుకు రాస్తున్నానంటే, చదువు లేకనే నేనిప్పుడు చెప్పబోయే పిచ్చిపని చేశానని మా వాళ్ళు ఇప్పటికీ అంటారు. కాదు. చదువుకున్నా చేసేవాణ్ణి.

బందరులో మైకుసెట్ల కొట్లో పనిచేసే రోజులవి. పెళ్ళిళ్ళకీ, సువార్త కూటాలకీ ఎప్పుడూ అవే పాటలు. ఏ చరణం తర్వాత ఏది వస్తుందో నిద్రలో అడిగినా చెప్పేవాణ్ణి. విసుగెత్తింది. తర్వాత ఏమొస్తుందో చేసినవాడికి కూడా తెలియని పాట కావాలనిపించింది.

చేశాను. చెక్కపెట్టెలో రెండు ట్రాన్సిస్టర్లు, టార్చిలైటు బ్యాటరీలు, ఒక స్పీకరు. పైన వెడల్పాటి పింగాణీ పళ్ళెం, దాని నిండా మా పెరటి బావి నీళ్ళు. నీళ్ళలోకి నాలుగు ఇత్తడి తీగలు దించాను. వలలకు కట్టే జీలుగు బెండు ముక్కకి రాగితీగ చుట్టి పళ్ళెంలో వదిలాను. బెండు తీగ దగ్గరికి వెళ్తే స్వరం పైకి లేస్తుంది, దూరం జరిగితే దిగుతుంది. దాన్ని తోసేది గాలి. సముద్రపు గాలి ఏ క్షణం ఎటు కొడుతుందో ఎవడికి తెలుసు?

అప్పుడే గుడివాడలో మా అక్క మొగుడు రేడియోల కొట్టు పెడుతున్నాడు. మెకానిక్కుగా నన్నే కూర్చోబెడతానన్నాడు. పెట్టె సంగతి విని, "పట్టుకురారా, ప్రారంభం రోజున జనం మూగుతారు" అన్నాడు. రైల్లో ఒలికిపోతాయని నీళ్ళు పారబోసి తీసుకెళ్ళాను.

ప్రార్థన అయింది. పాస్టరు అయ్యగారు రిబ్బను కత్తిరించారు. నేను అక్కడి కాలవ నీళ్ళు పోసి స్విచ్చి నొక్కాను. టిక్కు... టిక్కు... అంతే.

"మా బామ్మర్ది గడియారం చేసుకొచ్చాడండోయ్!" అన్నాడు బావ.

"గుడ్డు పెట్టబోతోందేమో చూడండి" అన్నారెవరో. నవ్వులే నవ్వులు.

అప్పుడు తట్టింది. మా బావి నీళ్ళు ఉప్పుకషాయం. పుట్టినప్పటి నుంచీ వాటితోనే గడిపినవాణ్ణి కాబట్టి నీళ్ళంటే అవేననుకున్నాను. గుడివాడ కాలవలో పారేది కృష్ణ నీళ్ళు, తియ్యటివి. వాటిలో కరెంటు సరిగా నడవదు.

"అక్కా, ఉప్పు!" అన్నాను.

"దేనికిరా, పులుసులోకా?" అంటూనే గుప్పెడు కల్లుప్పు తెచ్చింది.

ఉప్పు కరుగుతుంటే పెట్టె మూలిగింది, కీచుమంది, గాలి కొట్టేసరికి పాడింది. పాడింది అనే రాస్తాను. జనం నవ్వడం ఆపారు. ఒకాయన తల పంకించి, "బాగుందయ్యా. ఇందాకటిది మళ్ళీ ఒకసారి కానీ" అన్నాడు.

"రాదండీ."

"అదేంటి?"

"అయిపోయిందండీ అది. ఇంక రాదు."

బావ నన్ను బల్ల వెనక్కి లాక్కెళ్ళాడు.

"మళ్ళీ రానిది పాటెట్టా అవుద్దిరా? అందరికీ తెలిసిన కీర్తన ఒకటి పలికించు. నీకు చాతకాదా?"

"చాతవుద్ది. నీళ్ళు తీసేసి స్వరానికో మీట పెడితే చాలు."

"మరి పెట్టు."

"పెట్టను. కీర్తన కావాలంటే హార్మోణీ ఉంది, గ్రామఫోను ఉంది. దీన్నెందుకు చంపడం?"

"నా కొట్లో కుర్చీ కావాలా, ఈ పళ్ళెం కావాలా? ఒకటి చెప్పు."

"ఒక్క కీర్తనేగదరా" అంది అక్క. "నా కళ్ళెదుట ఉంటావనుకున్నాను."

ఆ కుర్చీ నాకు కావాలి. మైకులు మోసి మోసి భుజాలు కాయలు కాశాయి. అక్క దగ్గర ఉండాలనీ ఉంది. అయినా ఒక్క మీట పెట్టానంటే ఆ తర్వాత అది నా పెట్టె కాదు. నీళ్ళు సీసాలోకి వంపి పెట్టె చంకన పెట్టుకున్నాను.

"అన్నం తినైనా వెళ్ళరా" అంది అక్క. తిన్నాను. కోపం బావ మీదే గానీ అన్నం మీద కాదుగా.

బందరు రైలెక్కి, పెట్టె ఒళ్ళో పెట్టుకుని, పళ్ళెంలో ఉప్పునీళ్ళు కొన్ని పోసి స్విచ్చి నొక్కాను. గాలి కూడా అక్కర్లేకపోయింది, రైలు కుదుపే చాలింది. ఎదురుగా ఖాళీ చేపలగంపతో కూర్చున్నావిడ చాలాసేపు ఓర్చుకుంది.

"ఏం పాట బాబూ అది?"

"నాకూ తెలీదమ్మా."

"తల పగిలిపోతోంది. ఆపు."

ఆపలేదు.