మచ్చు సీసా

మా బావను రేవులో అందరూ చల్లనయ్య అంటారు. గుణం చూసి పెట్టిన పేరు కాదది. గుణం చూసి పెడితే నిప్పులయ్య అని పెట్టాలి. ముప్పై ఎనిమిదేళ్లుగా ఐసు ఫ్యాక్టరీలో చేపల పెట్టెలు సర్దడం ఆయన పని. రెండు రోజులు ప్రయాణం చేసినా చేప కంటి మెరుపు పోకూడదంటే ఆ పెట్టె మా బావే సర్దాలి. ఇంకెవరు సర్దినా యజమాని ఒప్పుకోడు. ఐసులో నానీ నానీ కుడిచేతి రెండు వేళ్ల కొసలకు స్పర్శ పోయింది. వేడి గ్లాసు పట్టుకున్నా ఆ వేళ్లకు తెలియదు.

పెట్టెలు చేసేవాణ్ణి నేను. ఆయన భార్య మా అక్క. పెట్టె నాది, ఐసు ఆయనది, తిట్లు మాత్రం ఎప్పుడూ ఆయనవే. మూత కాస్త ఎత్తుగా కూర్చుంటే చాలు, "ఏరా, ఇది పెట్టా, కిటికీనా?" అని పదిమందిలో అడిగేవాడు. ఎదురు చెప్పేవాణ్ణి కాదు. ఆయన మాట ఎప్పుడూ నిజమే కావడం నా ఖర్మ.

ఆయన పనిలో రెండు పద్ధతులు ముందే చెప్పాలి. ఒకటి ఉప్పు. దగ్గరి ఊళ్లకు ఉత్త ఐసు చాలు. దూరానికైతే ఐసులో గల్లుప్పు కలుపుతారు. ఉప్పు తగిలిన ఐసు మరీ చల్లబడి, చేపను రాయిలా బిగించేస్తుంది. ఎన్ని గుప్పిళ్లు వెయ్యాలో బావ చేతికే తెలుసు. రెండోది మచ్చు. ఒక చేపను పెట్టెలో పెట్టకుండా తడిగుడ్డలో చుట్టి మూత మీద కడతారు. దారిలో దాన్ని నొక్కి చూసి, బయట వేడెంతుందో, లోపల ఇంకాస్త ఐసు వెయ్యాలో లేదో తేల్చుకుంటారు. దిగే రేవు కనబడగానే ఆ మచ్చును నీళ్లలోకి విసిరేస్తారు. పాడైన చేప వాసన కొనేవాడి ముక్కుకు తగిలితే లోపల బంగారమున్నా నమ్మడు కదా.

బావ కూతురు, అంటే నా మేనకోడలు, దీవిలో కాపురం ఉంటోంది. మా రేవు నుంచి పదహారు గంటల ప్రయాణం. అల్లుడు అక్కడ అద్దాల పడవ నడుపుతాడు. అడుగున చెక్క బదులు మందపాటి అద్దం బిగించిన పడవ అది. వచ్చినవాళ్లు బోర్లా పడుకుని పగడాలూ రంగుచేపలూ చూసి మురిసిపోతారు. వాళ్లకు ఒక్కతే కూతురు, తొమ్మిదేళ్లది. దానికి ఆరో ఏట షుగర్ బయటపడింది. రోజూ ఇన్సులిన్ సూది పడాలి. పడకపోతే బతకదు, అంతే. దీవి మొత్తానికి ఆ మందు వాడేది ఆ పిల్ల ఒక్కతే. వారం వారం వెళ్లే పడవలో మందు చేరుతుంది.

ఆ నెల తుఫాను పట్టుకుంది. రెండు వారాలు ఒక్క పడవా కదల్లేదు. గాలి తగ్గిన రోజు మధ్యాహ్నం మేనకోడలు ఫోన్ చేసింది.

"నాన్నా, సీసాలో ఇవాళ్టికే ఉంది. నర్సమ్మ సగం సగం వేస్తోంది. మొదటి పడవకి మందు పంపు. చల్లగా ఉంచి పంపమంది."

"పంపడమేంటమ్మా, నేనే తెస్తా," అన్నాడు బావ.

ఫోన్ పెట్టేసి గోడ వైపు చూస్తూ కూర్చున్నాడు. ఎవరినీ తిట్టకుండా అంతసేపు కూర్చోవడం నేనెన్నడూ చూడలేదు. మా అక్క నా చొక్కా పట్టుకుని, "నువ్వూ వెళ్లరా, ఆయన్ని ఒక్కణ్ణీ పంపొద్దు," అంది.

మందుల షాపతను ఆరు సీసాలు తీసి, చిన్న సంచిలో పెట్టి, పక్కన చల్లటి నీలం పొట్లం ఒకటి వేశాడు. "ఇది చాలండీ. మరీ ఎక్కువ చల్లదనం..." అని ఏదో చెప్పబోయాడు.

"తాతకు దగ్గులు నేర్పుతావా నాయనా?" అన్నాడు బావ. "నీ వయసెంతో నేను ఐసు పట్టుకుని అన్నేళ్లయింది."

అతను సంచి ముడేసి ఇచ్చేశాడు. నాకు నవ్వొచ్చింది. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నన్ను నేను కొట్టుకోవాలనిపిస్తుంది.

ఫ్యాక్టరీలో కొత్త పెట్టె తీశాను. బావ సీసాలున్న అట్టపెట్టెలు చింపి పారేశాడు. ఆ అట్టల మీద సన్నటి అక్షరాల్లో ఏముందో మా ఇద్దరిలో ఎవరం చూడలేదు. అయిదు సీసాలను ప్లాస్టిక్ సంచిలో కట్టి, పొరకొక గుప్పెడు ఉప్పు చొప్పున ఐసు పరిచి, వాటిని మధ్యలో పడుకోబెట్టాడు. ఆరో సీసా చేతిలో మిగిలింది. తన పాత ఎర్రగళ్ల తువ్వాలు చించి, తడిపి, సీసాకు చుట్టి మూత మీద కట్టాడు.

"అదేంటి బావా, మందుకు కూడా మచ్చా?"

"మచ్చు లేకుండా నా పెట్టె గడప దాటదు," అన్నాడు.

సాయంత్రం అయిదుకు పడవ ఎక్కాం. పెట్టెను టార్పాలిన్ కింద, నీడలో పెట్టుకుని పక్కనే కూర్చున్నాడు. తుఫాను వెనక మిగిలిన అలలు పడవను ఊపి ఊపి వదిలాయి. నాకు కడుపులో ఉన్నదంతా బయటికొచ్చింది. ఆయన మాత్రం పెట్టె మీద చెయ్యి తియ్యలేదు.

పొద్దున తొమ్మిదింటికి దీవి కనబడింది. చెట్లు, తెల్లటి ఇసుక, దాని ముందు ఒక పెద్ద మడుగు. అలాంటి నీళ్లు నేను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. నెమలి మెడ రంగు, ఒక పక్క నీలం, ఒక పక్క ఆకుపచ్చ. మడుగు చుట్టూ పగడపు దిబ్బ గోడలా ఉంది. ఆ గోడలో ఒకే సందు. పడవ ఆ సందు ముందు ఆగిపోయింది.

"సముద్రం ఆటు మీద ఉంది. పోటు రావాలి," అన్నాడు పడవ నడిపే సరంగు. "ఒంటిగంట దాకా చిన్న పడవ కూడా దాటదు."

"అక్కడ పిల్ల చావుబతుకుల్లో ఉందయ్యా."

"దాటితే దిబ్బ కోసేస్తుంది పెద్దాయనా. అప్పుడు మందూ ఉండదు, మనమూ ఉండం."

ఎదురుగా ఇళ్ల కప్పులు కనిపిస్తున్నాయి. రేవులో నిలబడ్డ మనుషులు కనిపిస్తున్నారు. నాలుగు గంటలు అలా చూస్తూ కూర్చున్నాం, ముళ్ల మీద కూర్చున్నట్టే. పది గంటలకు ఫోన్ మోగింది. అటునుంచి మేనకోడలు గొంతు నాకూ వినిపించింది.

"నాన్నా, పిలిస్తే పలకట్లేదు నాన్నా. ఊపిరి పరిగెత్తినట్టు తీస్తోంది."

"వచ్చేశానమ్మా. కనిపిస్తూనే ఉన్నాను చూడు," అన్నాడు బావ. ఆయన గొంతు అంత మెత్తగా ఉంటుందని నాకు తెలియదు.

ఎండ ముదిరింది. ఆయన మచ్చును వేళ్లతో పట్టుకు చూశాడు. స్పర్శ లేని వేళ్లు కదా, నన్ను చూడమన్నాడు. గోరువెచ్చగా ఉందన్నాను. వెంటనే పెట్టె విప్పి, విడిగా తెచ్చిన ఐసంతా పోసి, ఉప్పు పొట్లం మొత్తం దులిపేశాడు. మనవరాలి ప్రాణం పోతుందన్న భయంతో చేశాడు. ఏ చేపకూ అంత ఉప్పు వెయ్యగా నేను చూడలేదు.

ఒంటిగంటకు పోటు వచ్చింది. అల్లుడు అద్దాల పడవేసుకుని వచ్చాడు. గడ్డం పెరిగి, మనిషి సగమయ్యాడు. పెట్టె దించి మడుగులోకి దూరాం. దారి తెలియడానికి నీళ్లలో కర్రలు పాతి, ప్రతి కర్ర కొసనా రేకు డబ్బా బోర్లించారు. రేవు దగ్గరపడుతోంది. బావ మచ్చు విప్పి చేతిలో పట్టుకుని ఒక్క క్షణం ఆగాడు.

"పారెయ్ బావా," అన్నాను. "నిన్నటి నుంచి ఐసు తగల్లేదు. ఇంకెందుకది."

విసిరేశాడు. ఒక కర్ర మీద కూర్చున్న పక్షి చేపనుకుని దాని మీద దూకింది.

ఆసుపత్రి అంటే రెండు గదులు. లోపలి మంచం మీద పిల్ల ఉంది. పెదాలు ఎండి పగిలాయి. ఊపిరి మాత్రం లోతుగా, వేగంగా కొట్టుకుంటోంది. నర్సమ్మ పెట్టె తెరిచి, ఐసులో చెయ్యి పెట్టి, చురుక్కుమన్నట్టు వెనక్కి లాక్కుంది. సంచి తీసింది. రెండు సీసాలు పగిలిపోయాయి. మిగతా మూడూ తెల్లగా గడ్డకట్టాయి.

"ఉప్పు వేశారా?" అంది.

"వేశానమ్మా, బాగా వేశాను. ఒక్క గడ్డ కూడా కరగలేదు చూడు."

ఆమె కుర్చీలో కూలబడింది. "బాబాయిగారూ, గడ్డకట్టిన ఇన్సులిన్ పనికిరాదు. కరిగినా అంతే. నీళ్లతో సమానం."

"చల్లగా ఉంచమన్నావటగా?"

"చల్లగా అన్నాను. ఇది గది వేడికి కూడా నెల రోజులు ఆగుతుంది. మీరు జేబులో వేసుకొచ్చినా సరిపోయేది." ఆమె తిట్టడం లేదు. ఆమెకూ ఏడుపొస్తోంది. "పెద్దాసుపత్రికి తీసుకెళ్లాలంటే మళ్లీ పదహారు గంటలు. అంతసేపు ఆగదు. చీకటి పడేలోగా సూది పడకపోతే నేనేం చెయ్యలేను."

మేనకోడలు తండ్రి వైపు చూడకుండా పిల్ల పెదాలు తడిపింది. తిట్టినా బాగుండేది. బావ గోడకు చేరబడి అలా నేల మీదికి జారిపోయాడు. తాతకు దగ్గులు నేర్పుతావా అన్న నోరు తెరుచుకునే ఉంది.  ఆ పెట్టె చేసింది నేను. దానికి బిగుతైన మూత వేసిందీ నేనే.

కాసేపటికి ఆయన తల ఎత్తాడు.

"ఒరేయ్," అన్నాడు. "మచ్చు."

నర్సమ్మకు ఏమీ అర్థం కాలేదు. నేనే చెప్పాను. తడిగుడ్డలో ఉండేది, ఎండ తగల్లేదు, ఐసు తగల్లేదు. ఆమె లేచి నిలబడింది. "ఏదది?"

నేను గుమ్మంలోంచి మడుగు వైపు చెయ్యి చూపించాను.

ముగ్గురం పరుగెత్తాం. అల్లుడు పడవ తోశాడు. నేను, బావ అద్దం మీద బోర్లా పడుకున్నాం. రెండున్నర దాటింది. నీళ్లు మనిషి గొంతు దాకా ఉన్నాయి, కానీ అడుగున చీమ పాకినా కనిపించేటంత తేటగా ఉన్నాయి. పొద్దున ఇదే మడుగును లోతు లేదని తిట్టుకున్నాం. ఇప్పుడు లోతు లేనందుకే దండం పెట్టుకున్నాం.

"ఏ కర్ర దగ్గర మామగారూ?"

"అయిదోది."

"కాదు, మూడోది," అన్నాను.

"నీకేం తెలుసురా?" అని కసిరాడు. మరుక్షణమే, "నువ్వే చెప్పరా. నాకేమీ తెలియదు," అన్నాడు. ఆ మాట ఆయన నోట వినడం నాకదే మొదటిసారి. 

నాకు పక్షి గుర్తొచ్చింది. అది కూర్చున్న కర్రకు డబ్బా లేదు. కర్ర మొన మీదే కూర్చుంది. "డబ్బా ఊడిపోయిన కర్ర ఏది?" అని అడిగాను. అల్లుడు వెంటనే పడవ తిప్పాడు. అది నాలుగోది.

అద్దం కింద పగడాలు, పసుపు చారల చేపలు, ఊదా రంగు నక్షత్రాలు కదిలిపోతున్నాయి. వాటిని చూడడానికి జనం ఎక్కడెక్కడినుంచో వస్తారట. నాకు మాత్రం వాటిని చీపురుతో ఊడ్చి పారెయ్యాలనిపించింది. ముప్పావుగంట తర్వాత ఎర్రగళ్ల గుడ్డ కనబడింది. అల్లుడు మునిగి తెచ్చాడు. గుడ్డ ఉత్తదే. పక్షి పీకి ఈడ్చి వదిలేసినట్టుంది.

బావ చొక్కాతోనే పడవ అంచు దాటి నీళ్లలోకి దిగాడు. ఆయనకు ఈత రాదు. నీళ్లు గడ్డం దాకా వచ్చాయి. అలల్లో ఆయాసపడుతూ, కర్ర చుట్టూ అడుగులో అడుగు వేస్తూ కాళ్లతో ఇసుక వెతికాడు. అద్దంలోంచి ఆయన పాదాలు నాకు కనిపిస్తూనే ఉన్నాయి. పగడం కోసిన చోట ఎర్రటి చార సన్నగా పొగలా లేచింది. పొద్దు వాలుతోంది. నీళ్ల మీద మెరుపు వచ్చి అద్దంలో చూపు ఆనడం మానేసింది. ఇక అయిపోయిందనుకున్నాను. ఇంటికెళ్లి అక్కకు ఏ ముఖంతో చెప్పాలా అని అప్పుడే ఆలోచన మొదలైంది.

అప్పుడు ఆయన ఆగిపోయాడు.

"కాలి కింద ఏదో ఉంది," అన్నాడు. "నేను కదలను. మీరే రండి."

అల్లుడు మునిగాడు. పైకి వచ్చినప్పుడు చెయ్యి ముందు నీళ్లలోంచి లేచింది. అందులో సీసా ఉంది. మూత చెక్కుచెదరలేదు.

నర్సమ్మ దాన్ని కడిగి, వెలుగుకు పట్టి, తిప్పి తిప్పి చూసింది. "ఇది ఐసులో పెట్టలేదు కదా?" అని రెండుసార్లు అడిగింది. సూది వేసేటప్పుడు బావ లోపలికి రాలేదు. బయట అరుగు మీద కూర్చుని కాలి రక్తం వైపు చూస్తూ ఉన్నాడు. గంట గంటకూ నేను బయటికొచ్చి చెప్పాను. ఊపిరి అలాగే ఉంది బావా. అలాగే ఉంది. కొంచెం తగ్గింది. ఇంకొంచెం తగ్గింది.

తెల్లవారాక పిల్ల కళ్లు తెరిచి నీళ్లడిగింది. తాతను పిలవమంది. ఆయన కుంటుకుంటూ వచ్చి మంచం పక్కన నిలబడ్డాడు. "కాలికేంటి తాతా?" అంది. "ఏం లేదమ్మా," అన్నాడు. ఆ ఒక్క సీసా వచ్చే పడవ దాకా సరిపోతుందని నర్సమ్మ చెప్పింది.

తర్వాత ఆయన పెట్టె దగ్గరికి వెళ్లాడు. గుమ్మం పక్కన, నిన్న వదిలిన చోటే ఉంది. మూత ఎత్తాడు. ఎండలో ఒక మధ్యాహ్నం, ఆపైన ఒక రాత్రి గడిచాయి. ఐసు ఐసులాగే ఉంది, అంచులు కూడా కరగలేదు. మధ్యలో, నర్సమ్మ తిరిగి పడేసిన సంచిలో, గడ్డకట్టిన మూడు సీసాలూ అలాగే పడుకుని ఉన్నాయి.

"ఇంత బాగా ఎప్పుడూ సర్దలేదురా," అని చేతుల్లో ముఖం పెట్టుకున్నాడు.