అవ్వ పాతని పొయ్యి

మా పొరుగింటి అవ్వ మొన్న సోమవారం పొద్దున పోయింది. కబురు చేద్దామంటే ఆమెకు ఎవరున్నారో, ఏ ఊళ్ళో ఉన్నారో మాకెవరికీ తెలియదు. ఎమ్మిగనూరులో మా మగ్గాల వీధే ఆమెకు చుట్టం. అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

కోసిగి నుంచి కాపురానికి వచ్చిన కొత్తలో నాకు అన్నీ భయమే. అత్త దగ్గితే భయం, మగ్గం గుంటలో కాలు పెట్టాలంటే భయం. నాకంటే భయస్తురాలు పక్కింట్లోనే ఉందని తెలిశాక కాస్త ధైర్యం వచ్చింది, నవ్వకండి. సందులో బూట్ల చప్పుడైతే చాలు, అవ్వ కండెలు చుట్టే రాట్నం ఆగిపోయేది. పోలీసు కాదవ్వా, పోస్టుమ్యాన్ అన్నా అంతే. చప్పుడు దూరమయ్యాకే మళ్ళీ తిరిగేది.

ఆమెది తుంగభద్రకు అవతల, నిజాం రాజ్యం. ఆ పాలన ఆఖరి రోజుల్లో గుంపులు ఊళ్ళ మీద పడుతుంటే పుట్టిలో ఏరు దాటి వచ్చింది. వెనక పుట్టిలో వస్తానన్న భర్త రాలేదు. ఆ సంగతి నాకు ఒక్కసారే చెప్పింది. వదిలి వచ్చిన పొయ్యి సంగతి మాత్రం ఎన్నిసార్లు చెప్పిందో.

"శుక్రారం శుక్రారం ఎర్రమట్టి పూసి ముగ్గేస్తే ఎట్లుండె అనుకుంటివి! వచ్చిన పొద్దు సంకటి ఉడుకుతానే ఉండె బిడ్డా. దించను గూడ ల్యా."

ఇక్కడికొచ్చాక ఆమె మూడు విడి రాళ్ళ మీదే వండుకుంది. మా వైపు ఇంట్లో చేరగానే ముందు మట్టి పొయ్యి పాతుకుంటారు. విడి రాళ్ళ మీద వంట కూలికి వలస పోయేవాళ్ళకే. అవ్వకూ ఒక పొయ్యి పాతిపెట్టమని మా అత్త పోరగా పోరగా నేనే ఒకరోజు మట్టి తొక్కి తీసుకుపోయాను. అవ్వ గడప దాటనివ్వలేదు.

"పొయ్యి పాతితే కాళ్ళు పాతినట్లే. మల్లా పరిగెత్తల్లంటే యెట్ల?" అంది.

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన ఏడు, మా తాలూకా బళ్ళారి జిల్లా నుంచి విడిపోయిందని, ఇక మనం ఆంధ్ర వాళ్ళమని వీధిలో దండోరా వేశారు. కుర్రవాళ్ళు సంబరపడ్డారు. నేను అవ్వ ఇంట్లోకి తొంగి చూస్తే, ఆమె పొయ్యిలో నీళ్ళు కుమ్మరించి, పొగలు కక్కుతున్న రాళ్ళను ఉత్త చేతులతో గంపలోకి ఎత్తుతోంది.

"యాడికవ్వా?"

"గవర్నమెంటు మారిందంటనే. మారితే పోవల్ల. నువ్వూ మూట కట్టు."

నా మణికట్టు పట్టుకుంది. నిజం చెబుతున్నాను, ఒక్క క్షణం నేనూ మూటగుడ్డ కోసం చుట్టూ చూశాను.

గంప నెత్తిన పెట్టుకుని ఆదోని బస్సు దగ్గరికి పోయింది. అత్తా నేనూ వెంటపడ్డాం.

"ఊరు యాడికీ పోల్యాక్కా, జిల్లా పేరు మారింది, అంతే," అని అత్త బతిమాలింది.

"మార్సేటప్పుడు నిన్ను అడిగినారా?"

అత్త గంప అంచు పట్టుకుని లాగబోయింది.

"అడక్కుండా మార్సినోళ్ళు అడక్కుండానే తరుముతారు," అంటూ అవ్వ బస్సెక్కి కూర్చుంది.

కండక్టరు వచ్చి, "యాడికవ్వా, టికెట్టు?" అన్నాడు. అవ్వ నోరు తెరిచింది. ఏ ఊరి పేరూ రాలేదు. ఆయన మళ్ళీ అడిగాడు. అవ్వ గంప పట్టుకుని మెల్లగా దిగింది. ముగ్గురం ఇంటికి వచ్చాం. రాళ్ళను మళ్ళీ విడిగానే పెట్టుకుంది.

నా తొలి కాన్పు కష్టమైంది. అందరూ భయపడొద్దని చెబుతున్నారు, నాకేమో ప్రాణం పోతున్నట్టే ఉంది. అవ్వ నా తల ఒళ్ళో పెట్టుకుని, "భయపడు బిడ్డా. నేను భయపడే బతికినా," అంది. ఎంత తేలికపడ్డానో చెప్పలేను. ఈరోజు నేనూ నా కొడుకూ ఉన్నామంటే ఆ మాట వల్లనే అనుకుంటాను.

అవ్వ కులంలోనూ మాలాగే పూడ్చడం ఆచారం. మొన్న పూడ్చాక తలవైపు గుర్తుకు రాళ్ళు కావాలంటే, ఎవరో ఆమె పొయ్యి రాళ్ళే తెచ్చారు. మా ఆయన గడ్డపారతో తవ్వి, మూడింటినీ సగం దాకా పాతి, చుట్టూ మట్టి కాలితో తొక్కి గట్టిచేశాడు. వద్దనబోయి ఊరుకున్నాను.

ఇంటికొచ్చి తలకు పోసుకుని వంటకు కూర్చున్నాను. పుల్ల వెలిగించబోతూ ఎందుకో మా పొయ్యిని రెండు చేతులా పట్టుకుని కదిపి చూశాను. కదల్లేదు. నాకు భయమేసింది.