ఒక్కడే పట్టే కారు

రేసు కారు నడుపుతానని మా తమ్ముడు అన్నప్పుడు మా నాన్నగారు వేసిన మొదటి ప్రశ్న, అందులో ఎంతమంది పడతారని. ఒక్కడేనన్నాడు వాడు.

"ఒక్కడు పట్టే కారేంట్రా? పెళ్ళికి పనికిరాదు, ఆస్పత్రికీ పనికిరాదు. పైన కప్పయినా ఉంటుందా?"

"ఉండదు నాన్నా."

"చక్రాలకి మడ్‌గార్డులు?"

"ఉండవు."

"దానికన్నా మన ట్రాక్టరు నయం కదరా."

తణుకు దగ్గర మాకో చిన్న రైసుమిల్లు ఉండేది. పెద్దవాణ్ణి కనక న్యాయంగా అది నా మెడకి పడాలి. కానీ నేను డిగ్రీ చదివాను. డిగ్రీ చదివినవాడికి మిల్లు అప్పగించేంత ధైర్యం మా నాన్నగారికి లేదు. కాబట్టి తమ్ముడే చూసుకోవాలన్నది ఎవరూ పైకి అనకుండానే ఖాయమైపోయింది. వాడి మనసు మాత్రం మొదటినుంచీ కాలవ గట్టు మీద ఉండేది. ఆ గట్టు మీద వాడు మారుతీ కారులో వస్తుంటే సైకిళ్ళవాళ్ళు ముందుజాగ్రత్తగా దిగి పొలంలోకి నడిచేవారు. వాడు ఎవరినీ తాకిందీ లేదు, ఎవరూ వాణ్ణి నమ్మిందీ లేదు.

చెన్నై అవతల ట్రాకులో కుర్రాళ్ళని పరీక్షించి జూనియర్ పోటీలకి తీసుకుంటున్నారని పేపర్లో చూసి వెళ్ళాడు. తీసుకున్నారు. అప్పుడు నాన్నగారు ఒక మాట అన్నారు. "ఒక్క సీజను. అందరికంటే పైన నిలిస్తే నేనింక నోరెత్తను, జన్మంతా తిప్పుకో. నిలవకపోతే వచ్చి మిల్లులో కూర్చో. మళ్ళీ ఈ ఊసు ఎత్తకూడదు." తమ్ముడు సరేనన్నాడు. మా ఇంట్లో సరే అంటే రిజిస్ట్రేషన్ అయినట్టే.

వాడికి తోడుగా నన్ను పంపారు. ఉద్యోగం నన్ను వెతుక్కుంటూ వస్తుందని ఎదురుచూస్తున్న రోజులవి, ఎక్కడున్నా దానికి దొరక్కపోయేవాణ్ణి. రేసుకి ముందు కార్లన్నీ వరసలో నిలబడితే, తమ్ముడి మీద ఎండ పడకుండా గొడుగు పట్టుకోవడం నా పని. చదువు వృథా పోలేదు.

మొదటి రేసులో వాడు రెండో మలుపులో గిర్రున తిరిగి కంకర్లోకి పోయాడు. రెండో దాంట్లో అయిదో స్థానం. ఆ తర్వాత ఏదో తెలిసింది వాడికి. బ్రేకు ఎప్పుడు తొక్కాలో కాదు, ఎప్పుడు తొక్కకూడదో తెలిసిందని చెప్పాడు. మూడు, రెండు, ఒకటి. ఆఖరి రేసు నాటికి పట్టికలో వాడూ, బెంగుళూరు కుర్రాడొకడూ పక్కపక్కన ఉన్నారు. ఆ రోజు ఎవరు ముందొస్తే సీజను వాడిది.

మా కారు చూసే ఇంజనీరు చెన్నైలో స్థిరపడ్డ నెల్లూరాయన. రూలేమిటో మొదటి రోజే నాకు చెప్పాడు. రేసు అవగానే కారునీ డ్రైవర్నీ కలిపి తూస్తారు. ఇంత బరువుకి తగ్గకూడదు. ఎక్కువున్నా ఫరవాలేదు గాని, బరువెక్కితే కారు అంత వేగంగా పోదు. అందుకని సన్నంగా ఉన్న కుర్రాళ్ళ కార్లలో సీసం పలకలు బిగిస్తారు. మా తమ్ముడు సన్నం. ఆయన పలకల్ని బంగారం పనివాడిలా లెక్కచూసి పెట్టేవాడు.

ఆ ఆఖరి ఆదివారం కార్తీక పౌర్ణమి. మా ఇంట్లో ఆ రోజు పొద్దుటినుంచీ చంద్రుడు కనపడేదాకా మంచినీళ్ళు కూడా ముట్టరు. తమ్ముడు ఆరో తరగతినుంచీ అమ్మతోపాటు ఉపవాసం ఉండేవాడు. నేను డిగ్రీలో చేరినప్పుడే మానేశాను. ముందురోజు ఎస్టీడీ బూతునుంచి ఫోను చేస్తే అమ్మ అడిగింది, "వాడు ఉంటాడు కదా?" అని. ఉంటాడన్నాను. అదొక ప్రశ్నా!

ఆదివారం పొద్దున్న ఇంజనీరు కారు కిందనుంచి తల బయటపెట్టి అడిగాడు.

"ఏమబ్బా, మీవాడు టిఫిను తిన్నాడా?"

"అయ్యిందండీ," అన్నాను.

ఈ మాట గురించి కొంచెం చెప్పాలి. మావైపు ఎవరైనా భోంచేశారా అంటే, ప్రాణం పోతున్నా "ఇప్పుడే అయ్యిందండీ" అనాలి. లేదన్నామా, ఆ ఇల్లాలు ఆర్పిన పొయ్యి మళ్ళీ వెలిగిస్తుంది. చిన్నప్పుడు చుట్టాలింట్లో నిజం చెప్పినందుకు మా అమ్మ నా తొడ మీద పెట్టిన గిచ్చు నాకింకా గుర్తే. ఆ జవాబు నోట్లోంచి రావడానికి నా అనుమతి అక్కర్లేదు. అది మర్యాద ప్రశ్న కాదనీ, బరువు ప్రశ్న అనీ నాకు తట్టలేదు. శుక్రవారం తూచినప్పుడు తమ్ముడి కడుపులో నాలుగు ఇడ్లీలూ, సీసాడు నీళ్ళూ ఉన్నాయి. ఇంజనీరు చేతిలో ఉన్న చిన్న పలకని ఒకసారి చూసి, మళ్ళీ పెట్టెలో వేసేశాడు.

తమ్ముడు గెలిచాడు. ఎలా గెలిచాడో రాయగలిగితే నేను ఇంకా మంచి రచయితనయ్యేవాణ్ణి. బెంగుళూరు కుర్రాడు ఎనిమిది చుట్లు వాడి వెనకే అంటుకుని వచ్చాడు, ఒక్కసారి కూడా పక్కకి రాలేకపోయాడు. నేను గొడుగు ఊపాను. ఎవరిదో కళ్ళజోడు కిందపడింది.

తర్వాత తూచారు. ఒకసారి, రెండోసారి. అరకిలో తక్కువ.

"ఇట్టా ఎట్టవుద్ది?" అంటూ ఇంజనీరు నావైపు తిరిగాడు. "తిన్నాడన్నావు గదా?"

తమ్ముడు హెల్మెట్ చంకలో పెట్టుకుని నావంకే చూస్తున్నాడు. పెదాలు పగిలిపోయి తెల్లగా ఉన్నాయి.

"నేను ఉపవాసమండీ," అన్నాడు ఆయనతో.

"ఆ ముక్క పొద్దున్నే చెప్పుంటే పలక పెట్టేవాడిని కదా అబ్బాయ్! నా చేతిలోనే ఉండింది!"

ఫలితం కొట్టేశారు. సీజను బెంగుళూరు కుర్రాడిదైంది. వాడు పాపం వచ్చి తమ్ముడి భుజం తట్టి వెళ్ళాడు.

టైర్ల గుట్ట పక్కన కూర్చున్నాం. నేను ఇడ్లీ పొట్లం విప్పి, నీళ్ళ సీసా ముందు పెట్టాను.

"తినరా. ఇంకెందుకు."

"చంద్రుడు రాలేదు కదా అన్నయ్యా."

"అంతా అయిపోయింది కదరా."

"అమ్మ తినలేదు కదా ఇంకా."

అంతే అన్నాడు. స్టాండు వెనకనుంచి చంద్రుడు పైకి వచ్చేదాకా ఇద్దరం అలాగే కూర్చున్నాం. అప్పుడు నీళ్ళు తాగాడు. సగం తాగి సీసా నాకిచ్చాడు.

రైల్లో, నిడదవోలు దాటాక, ఒక్కటే అడిగాడు నన్ను. "అమ్మకి చెప్పకు. తన ఉపవాసం వల్లే అనుకుంటుంది." ఇంజను దెబ్బతిందని చెప్పాం. నాన్నగారు చాలాసేపు పేపరు చదివి, "సీజను మొత్తానికి రెండో స్థానం అంటే తక్కువేం కాదు," అన్నారు. ఆయన మెత్తబడ్డారని నాకు తెలిసింది. ఇంకొక్క ఏడాది అని అడిగితే ఒప్పుకునేవారే. తమ్ముడు అడగలేదు. మర్నాడు పొద్దున్నే మిల్లుకి వెళ్ళి కాటా దగ్గర కూర్చున్నాడు. ఇప్పటికీ ధాన్యం బస్తాలు వాడే తూస్తాడు, ఆ పని ఎవరికీ వదలడు.

ఏటా కార్తీక పౌర్ణమికి, చంద్రుణ్ణి చూశాక, అందరం కలిసి భోజనానికి కూర్చుంటాం. అమ్మ వడ్డిస్తూ ఎప్పుడో ఒకప్పుడు ఆ మాట అంటుంది.

"ఆ ఏడు ఇక్కడ మబ్బు పట్టింది రా. చంద్రుడు కనపడకపోయినా వచ్చేసుంటాళ్ళెమ్మని తినేశాను. అందుకే నీ ఇంజను అలా అయ్యింది."

నేను ఈసారి చెప్పేద్దామని నోరు తెరుస్తాను. తమ్ముడు పెరుగు కలుపుకుంటూ, కంచంలోంచి తలెత్తకుండా అంటాడు.

"అన్నయ్యకి ఇంకాస్త అన్నం వెయ్యమ్మా."